కొత్త విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ: అమ్మాయిని చేర్చవచ్చా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. రెండున్నర ఎకరాల కొబ్బరి తోటే మాకు ఆధారం. మా అమ్మాయి అమలాపురంలో బీఎస్సీ పూర్తిచేసి పీజీసెట్ రాసింది. రాజానగరం దగ్గర ఉన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చేలా ఉంది. అది కొత్త యూనివర్సిటీ అనీ, ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉండదనీ మా బంధువులు అంటున్నారు. ఇంటి నుంచి రోజూ వెళ్ళి వచ్చే ప్రైవేటు కాలేజీలో చేర్చమని కొందరు, హైదరాబాదు పంపి కంప్యూటర్ కోర్సు నేర్పించమని కొందరు చెబుతున్నారు. హాస్టల్లో ఉంచాలంటే వాళ్ళ అమ్మకు భయంగా ఉంది. మమ్మల్ని ఏం చేయమంటారు?

జవాబు: అయ్యా, ముందు నా అభిప్రాయం చెప్పి, ఆ తరువాత కారణాలు వివరిస్తాను. అమ్మాయికి కెమిస్ట్రీ మీద నిజంగా ఇష్టం ఉన్నట్లయితే విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని సీటునే తీసుకోండి. అయితే ఫీజు కట్టే ముందు మీరూ, అమ్మాయీ ఒక పనిదినాన వెళ్ళి, ఆమె చదవబోయే విభాగాన్ని కళ్ళారా చూసి రండి. కొబ్బరి మొక్క కొనేటప్పుడు మీరు నర్సరీ బోర్డు చూసి కొనరు కదా. మొదలు లావు చూస్తారు, ఆకులు లెక్కపెడతారు, ఆకు తొందరగా చీలిందో లేదో గమనిస్తారు. విశ్వవిద్యాలయం విషయంలో కూడా పేరును, వయసును పక్కన పెట్టి విభాగాన్ని అలాగే పరీక్షించాలి.

మొదట సర్టిఫికెట్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ బంధువుల మాటల్లో ఎక్కువ భయపెట్టేది అదే. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం ప్రకారం కేంద్ర చట్టంతో గానీ, రాష్ట్ర చట్టంతో గానీ ఏర్పడిన విశ్వవిద్యాలయానికి డిగ్రీలిచ్చే అధికారం ఉంటుంది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006లో రాష్ట్ర చట్టం ద్వారా ఏర్పడింది. అంతకు ముందు రాజమహేంద్రవరంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారి పీజీ కేంద్రం నడిచేది. కాబట్టి ఆ డిగ్రీతో మీ అమ్మాయి దేశంలో ఎక్కడైనా ఉద్యోగానికి దరఖాస్తు చేసుకోవచ్చు, పీహెచ్‌డీకి వెళ్ళవచ్చు, అధ్యాపక అర్హత పరీక్ష అయిన నెట్ రాయవచ్చు. కొత్త విశ్వవిద్యాలయాల గురించి మాట్లాడేటప్పుడు 12(బి), న్యాక్ అనే మాటలు మీ చెవిన పడతాయి. 12(బి) అనేది ఆ విశ్వవిద్యాలయానికి కేంద్ర నిధులు అందే అర్హతకు సంబంధించినది. న్యాక్ గ్రేడు బోధన, పరిశోధన, వసతుల నాణ్యతను లెక్కగట్టేది. రెండూ తెలుసుకోదగినవే గాని, ఏ ఒక్కటీ డిగ్రీ చెల్లుబాటును నిర్ణయించదు.

ఇక కొత్తది కాబట్టి విలువ లేదన్న మాట. మీ ఊరి పక్కనే ఉన్న అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రం వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కిందిది. ఆ విశ్వవిద్యాలయం పుట్టింది 2007లో, అంటే నన్నయ విశ్వవిద్యాలయం కంటే ఒక ఏడాది చిన్నది. సర్పిలాకార తెల్లదోమ పట్టి కొబ్బరి ఆకులు నల్లబడినప్పుడు కోనసీమ రైతులు సలహా కోసం ఆ కేంద్రానికే వెళ్ళారు గాని, విశ్వవిద్యాలయానికి ఎన్నేళ్ళు నిండాయని ఎవరూ అడగలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా 1926లో పుట్టినదే. అది ఇంకా చిన్నదిగా ఉన్న 1930లలోనే టి.ఆర్. శేషాద్రి గారు వాల్తేరు వచ్చి కెమిస్ట్రీ విభాగాన్ని నిలబెట్టారు, మొక్కలలోని సహజ రసాయనాల మీద పరిశోధన చేసే శిష్యులను తయారుచేశారు. ఆనాడు అక్కడ చేరిన పిల్లలకు పాత పేరు అండగా లేదు. మంచి గురువు దొరికాడు.

అయినా లోపాలు లేవని చెప్పి మిమ్మల్ని పంపించను. రాష్ట్రంలోని కొత్త విశ్వవిద్యాలయాలను చాలాకాలంగా బాధిస్తున్న సమస్య శాశ్వత అధ్యాపకుల కొరత. పోస్టులు భర్తీ కాక, కాంట్రాక్టు అధ్యాపకులు, గెస్ట్ ఫ్యాకల్టీ కలిసి బోధనా భారం మోస్తుంటారు. వారిలో ఎంతో సమర్థులను నేను చూశాను, వారి శ్రమ మీద నాకు గౌరవం ఉంది. కానీ ఏడాది మధ్యలో మరోచోట అవకాశం వచ్చి అధ్యాపకుడు వెళ్ళిపోతే, ఆ పేపరు ఎవరో ఒకరు హడావుడిగా ముగించవలసి వస్తుంది, నష్టపోయేది పిల్లలే. ఇంకొక లోపం పూర్వ విద్యార్థుల బలం తక్కువగా ఉండటం. పాత విశ్వవిద్యాలయంలో చదివిన కుర్రాడికి ఏ ఫార్మా కంపెనీలో అడుగుపెట్టినా తన విభాగం సీనియరు ఒకరు కనిపిస్తాడు. కొత్తచోట చదివినవారు ఆ పరిచయాలను తామే సంపాదించుకోవాలి.

అందుకే స్వయంగా వెళ్ళి చూడమంటున్నాను. ఉదయం పదకొండు గంటల వేళ వెళ్ళండి, ఆ సమయానికి తరగతులు, ప్రాక్టికల్స్ జరుగుతూ ఉండాలి. విభాగంలో శాశ్వత అధ్యాపకులు ఎందరు, పీహెచ్‌డీ చేస్తున్న స్కాలర్లు ఎందరు అని అడగండి. స్కాలర్లు ఉన్న విభాగంలో సాయంత్రం ఆరింటికీ ల్యాబ్‌లో దీపం వెలుగుతుంది, ఎమ్మెస్సీ పిల్లలు వాళ్ళ పక్కన నిలబడి చూస్తూ నేర్చుకుంటారు. ఆ తరువాత ల్యాబ్‌లోకి వెళ్ళి, అనుమతి తీసుకుని, కుళాయి తిప్పించండి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో రిఫ్లక్స్ (ద్రవాన్ని మరిగిస్తూ, ఆవిరిని చల్లార్చి తిరిగి అందులోకే దించే పద్ధతి) పెట్టాలంటే ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌లో గంటల తరబడి నీళ్ళు తిరగాలి. కుళాయిలో ధార సరిగా లేని ల్యాబ్‌లో ఆ ప్రయోగం పుస్తకంలోనే మిగిలిపోతుంది. రసాయనాల ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ స్విచ్ వేయించి, సన్నని కాగితపు పీలిక ఒకటి దాని ముందు పట్టుకుంటే, ఫ్యాను పనిచేస్తోందంటే కాగితం లోపలికి లాగబడి రెపరెపలాడుతుంది, లేదంటే నిటారుగా వేలాడుతుంది. ఆవిర్లు పీల్చకుండా మీ అమ్మాయి ఆరోగ్యాన్ని కాపాడేది ఆ గాలి లాగుడే కాబట్టి ఈ ఒక్క పరీక్ష మాత్రం మానకండి. రసాయనాల సీసాల మీద తెరిచిన తేదీ రాసి ఉందా, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) వంటి పరికరం పక్కన లాగ్ బుక్ ఉందా, అందులో చివరిసారి రాసిన తేదీ ఏది అన్నవి కూడా గమనించండి. మొన్నటి తేదీ కనబడితే పరికరం పిల్లల చేతిలో ఉందని అర్థం. రెండేళ్ళ నాటి తేదీ కనబడితే అది ప్రదర్శనకు పెట్టినదనే అనుకోవాలి.

ఇవన్నీ చూస్తే కొన్ని బాగుంటాయి, కొన్ని ఉండవు. శాశ్వత అధ్యాపకులు ఇద్దరు ముగ్గురైనా ఉండి, ల్యాబ్ నిజంగా నడుస్తూ ఉంటే చేర్చండి. అవి లేకపోతే తదుపరి విడత కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు మార్చుకుని, విశాఖ గానీ, విశ్వవిద్యాలయానికే ఉన్న కాకినాడ, తాడేపల్లిగూడెం ప్రాంగణాలు గానీ చూడవచ్చు.

రోజూ ఇంటి నుంచి వెళ్ళి వచ్చే ప్రైవేటు కాలేజీ గురించి నాకు పెద్ద ఆశ లేదు. అన్ని కాలేజీలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు గాని, చాలా చోట్ల డిగ్రీ తరగతులు చెప్పేవారే పీజీకి కూడా చెప్పవలసి వస్తుంది, పరిశోధన వాతావరణం ఉండదు. డబ్బు లెక్క కూడా చూసుకోండి. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపివేశారు, విశ్వవిద్యాలయ ప్రాంగణాలకు మాత్రం కొనసాగించారు. మీరు చేర్చే ఏడాదికి అమల్లో ఉన్న నిబంధన ఏమిటో రెండు చోట్లా స్పష్టంగా అడిగిన తరువాతే నిర్ణయం తీసుకోండి. హైదరాబాదు కంప్యూటర్ కోర్సు విషయంలో ఒక్కటే అడుగుతాను: ఆ ఆలోచన అమ్మాయిదా, బంధువులదా? ఆమెది కాకపోతే ఆ మాట అక్కడితో వదిలేయండి.

ఇక చేరిన తరువాత చదువు ఎలా సాగుతుందో చెప్పాలి. ఎమ్మెస్సీ అంటే రెండేళ్ళు, నాలుగు సెమిస్టర్లు. తేదీలు తోసుకొస్తూ ఉంటాయి గనుక డిగ్రీలోలా పరీక్షల ముందు నెల రోజులు చదివి నెట్టుకురావడం కుదరదు. మీ అమ్మాయికి మొదటి సెమిస్టరులో ఎక్కువ ఇబ్బంది పెట్టేది సబ్జెక్టు కాదు, సెమినార్. నలుగురి ముందు నిలబడి, తనకు తెలిసిన రసాయన చర్యనే ఇంగ్లిషులో వివరించాలంటే కోనసీమ పల్లెల పిల్లల గొంతు పూడుకుపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ పిల్లలే రెండో సెమిస్టరు ముగిసేసరికి బోర్డు మీద బాణం గుర్తులు గీస్తూ ధారాళంగా చెప్పడమూ చూశాను. మొదటి సెమినార్ బాగా రాలేదని ఫోన్లో ఏడిస్తే, వచ్చేయమ్మా అని మాత్రం అనకండి.

కొత్త విశ్వవిద్యాలయంలో తరగతి చిన్నదిగా ఉండటం పెద్ద అవకాశం. అధ్యాపకుడికి ప్రతి విద్యార్థి పేరూ తెలుస్తుంది, సందేహం ఉంటే గది తలుపు తట్టి అడగవచ్చు. ఆ అవకాశాన్ని అమ్మాయి మొదటి నెల నుంచే వాడుకోవాలి. బోధనలో వెలితి ఉన్న పేపర్లకు కేంద్ర ప్రభుత్వం నడిపే ‘స్వయం’ పోర్టల్లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. ఆ పాఠాలు వింటూ నోట్సు రాసుకుంటే అధ్యాపకుడు మారినా చదువు ఆగదు. సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ కెమికల్ సైన్సెస్ సిలబస్‌ను మొదటి సెమిస్టరులోనే ముద్రించుకుని, తరగతిలో చెప్పిన ప్రతి అధ్యాయానికీ ఎదురుగా గుర్తు పెట్టుకుంటూ వెళ్ళాలి. నెట్ ద్వారా జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ అందుతుంది, అప్పుడు పై చదువు మీ తోట మీద భారం కాదు. మార్కులు 55 శాతానికి తగ్గకుండా చూసుకోవాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు పీజీలో అంత కావాలి, రిజర్వుడు వర్గాలకు 50 శాతం.

వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చి కూర్చోకుండా, మన దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయించండి. ఎంపికైతే రెండు నెలలు పెద్ద సంస్థలోని శాస్త్రవేత్త దగ్గర పని చేయవచ్చు. కొత్త విశ్వవిద్యాలయంలో దొరకని పరికరాలూ, పరిచయాలూ అక్కడ దొరుకుతాయి. చివరి సెమిస్టరు ప్రాజెక్టును మాత్రం మన నేల నుంచే ఎంచుకోమని నా సలహా. కోనసీమలో సముద్రం వైపు వెళ్ళేకొద్దీ బోరు నీళ్ళలో ఉప్పు పెరగడం మీకు తెలిసినదే. పది ఊళ్ళ నీళ్ళు సీసాల్లో పట్టి క్లోరైడు, గట్టిదనం కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు, బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టం చాలు. ఒక్కొక్క చుక్కా వదులుతూ, రంగు మారే ఆ క్షణం దగ్గర చెయ్యి ఆపడం నేర్చిన పిల్ల ఏ కంపెనీ ల్యాబ్‌లోనైనా నిలబడగలదు.

ఉద్యోగాలు ఆ పునాది మీదే వస్తాయి. హైదరాబాదులోనూ, విశాఖ దగ్గరి పరవాడ ఫార్మా సిటీలోనూ మందుల కంపెనీలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వారిని క్వాలిటీ కంట్రోల్, పరిశోధన విభాగాల్లోకి తీసుకుంటాయి. భీమవరం వైపు రొయ్యలను ఎగుమతి చేసేవారికి యాంటీబయాటిక్ అవశేషాలను పట్టుకునే ల్యాబ్‌లు కావాలి, చెరువు నీళ్ళలో అమ్మోనియా, ఆల్కలినిటీ పరీక్షించే ల్యాబ్‌లు ఊరూరా ఉన్నాయి. మొదటి జీతం పెద్దదిగా ఉండకపోవచ్చు. రెండు మూడేళ్ళు పరికరాల మీద చెయ్యి తిరిగాక పెరుగుతుంది. బోధన మీద ఆసక్తి ఉంటే బీఈడీ, లెక్చరర్ పోస్టుల దారి కూడా ఉంది.

హాస్టల్ గురించి అమ్మగారి భయం సహజమైనది. దాన్ని కొట్టిపారేయకుండా, ఆమెను కూడా ఆ రోజు మీతో తీసుకువెళ్ళండి. బాలికల హాస్టల్లో వార్డెన్ రాత్రిపూట అక్కడే ఉంటారా, జ్వరం వస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకువెళతారు, లైబ్రరీ ఎంతవరకు తెరిచి ఉంటుంది, అక్కడి నుంచి హాస్టలుకు వచ్చే దారిలో దీపాలు ఉన్నాయా అన్నవి ఆమే అడగాలి. మెస్‌లో భోజనం చేస్తున్న అమ్మాయిలతో పది నిమిషాలు కూర్చుంటే, అధికారులు చెప్పనివి కూడా తెలుస్తాయి. రావులపాలెం మీదుగా రాజమండ్రి, అక్కడి నుంచి రాజానగరం బస్సు, ఒకే రోజులో వెళ్ళి రాగల దూరమే. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అమ్మాయి ఇంట్లో ఉండాలనుకోవడంలో తప్పు లేదు. కానీ ఊళ్ళో జరిగే ప్రతి శుభకార్యానికీ రప్పిస్తే ల్యాబ్ హాజరు పోతుంది, పోయిన ప్రాక్టికల్‌ను ఎవరూ తిరిగి పెట్టరు.

అలాట్‌మెంటు వచ్చాక రిపోర్టు చేయడానికి ఇచ్చే గడువు తక్కువగా ఉంటుంది. అందువల్ల టీసీ, మార్కుల జాబితాలు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, స్థానికతకు కావలసిన స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టుకుని, రెండేసి జిరాక్సులు తీయించండి. విభాగానికి వెళ్ళిన రోజున విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గారి ముందు మీరు మాట్లాడవద్దు. పరికరాల గురించి, అధ్యాపకుల గురించి అడగవలసినవన్నీ ముందురోజు రాత్రే అమ్మాయి చేత ఒక కాగితం మీద రాయించి, ఆమెనే అడగనివ్వండి.