ఇసుకలో ఇనుము ఎవరు పోశారు?

ప్రశ్న: మా బాబుకి ఐదున్నరేళ్లు. ఎక్కడికి తీసుకెళ్లినా రాళ్లు, సీసా మూతలు, గింజలు జేబులో వేసుకొస్తాడు. పుట్టినరోజుకి నిధి వెతికే బొమ్మ కావాలంటున్నాడు. పిల్లల మెటల్ డిటెక్టర్ కొనాలా, సుద్ద దిమ్మలోంచి రాళ్లు తవ్వి తీసే కిట్ కొనాలా? మట్టిలో ఆడనివ్వాలంటే నాకు టెన్షన్.
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ముందు ఆ జేబులు చూడండమ్మా. నల్ల చుక్కతో ఎర్రగా మెరిసే గురువింద గింజలుంటే తీసేయండి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి కానీ, నమిలి మింగితే ప్రాణానికే ముప్పు. గాజు పెంకులు, తుప్పు మేకులు ఉంటే అవీ తీసేయండి. మిగతావి మాత్రం పారేయకండి, వాడు కష్టపడి ఏరుకున్నవి.

సుద్ద దిమ్మ నాకు నచ్చదు. లోపల ఏముందో పెట్టె మీదే బొమ్మ వేసి ఉంటుంది. ఒక పూటలో ఆట అయిపోతుంది. ఇప్పటికే కొనేసి ఉంటే తడిపి, ఆరుబయట తవ్వించండి. పొడి కళ్లలో పడదు.

ఇప్పుడు కొనాల్సింది ఒక అయస్కాంతం, ఒక భూతద్దం. నేను భీమిలిలో చాలా ఏళ్లు ఒకటో తరగతికి పాఠాలు చెప్పాను. గుర్రపు నాడా ఆకారం అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పిల్లలచేత తీరం వెంట ఇసుకలో లాగించేదాన్ని. ఎత్తి చూస్తే నల్లటి రేణువులు ముళ్లలా నిక్కబొడుచుకుని ఉండేవి. కవర్ ఊడదీస్తే అన్నీ కాగితం మీద రాలేవి. "ఇసుకలో ఇనుము ఎవరు పోశారు టీచర్?" అని ఒక పిల్లాడు అడిగాడు. తూర్పు కనుమల రాళ్లు అరిగి, ఆ పొడిని గోస్తనిలాంటి నదులు సముద్రానికి మోసుకొచ్చాయని చెప్పాను. అంటుకున్నది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. భూతద్దంలో ఎర్రగా కనిపించే రేణువులు గార్నెట్ అనే మరో ఖనిజం. ఆ నోరు తిరగని పేర్లు నెల రోజులు వాళ్ల నోళ్లలో నానాయి.

మీకు సముద్రం లేదని బెంగ వద్దు. ఇల్లు కట్టే చోట నది ఇసుక ఒక బకెట్ అడిగి తెచ్చుకుని, జల్లెడ పట్టి, వెడల్పాటి టబ్బులో పోయండి. అందులోనూ నల్ల రేణువులు దొరుకుతాయి. ఇసుక కుప్పలో నేరుగా మాత్రం తవ్వనివ్వకండి, మేకులుంటాయి. ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి.

అయస్కాంతం వాడి పిడికిలి నిండేంత పెద్దది తీసుకోండి. చిన్న పూసల్లాంటి గట్టి అయస్కాంతాలు ఇంట్లోకే రానివ్వకండి. రెండు మింగితే కడుపులో ఒకదాన్నొకటి లాక్కుని పేగులకు చిల్లు పెడతాయి. అలా జరిగిందని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. బొమ్మ ఏదైనా ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి నుంచి మన దేశంలో అది తప్పనిసరి.

పుట్టినరోజున టబ్బులో ఇప్పటి రూపాయి బిళ్ల ఒకటి, అమ్మమ్మ పెట్టెలోంచి అంచులు వంకీలు తిరిగిన పాత అల్యూమినియం పది పైసలు ఒకటి దాచండి. రూపాయి స్టీలు కాబట్టి అంటుకుంటుంది. పది పైసలు అంటుకోదు. "రెండూ డబ్బులే కదా, ఇదెందుకు రాలేదు?" అని వాడు అడుగుతాడు. ఆ ప్రశ్న వచ్చాక మెటల్ డిటెక్టర్ కొనండి. అది రెండింటికీ కూస్తుంది.