నాన్నగారి పాత పెంటాక్స్ లెన్సులు సోనీ ఏ6400 మీద వాడొచ్చా? వైజాగ్ తేమకి పాడవకుండా ఏం చెయ్యాలి?

మీరు అడిగింది: బీరువాలో నాన్నగారి పెంటాక్స్ కే1000 ఉంది. దానితో వచ్చిన 50 ఎంఎం ఎఫ్/2 లెన్సు, మర తిప్పి బిగించే ఎం42 రకం 135 ఎంఎం ఎఫ్/2.8 లెన్సు ఉన్నాయి. చేతిలో సోనీ ఏ6400 కెమెరా ఉంది. ఏ అడాప్టర్ కొనాలి, కెమెరాకి ఏమన్నా అవుతుందా, ఎంవీపీ కాలనీలో సముద్రపు గాలికి ఇవి నిలుస్తాయా అని.

కెమెరాకి ఏమీ కాదండి. కాకపోతే అడాప్టర్ సంగతి తర్వాత, ముందు లెన్సుల ఆరోగ్యం చూడండి. బీచ్ రోడ్డుకి ఇంత దగ్గర్లో ఏళ్ల తరబడి తోలు కేసులో పడి ఉన్న లెన్సంటే మొదట అనుమానించాల్సింది ఫంగస్‌నే. అపర్చర్ రింగు (కాంతి వెళ్లే రంధ్రాన్ని పెద్దది, చిన్నది చేసేది) అతి చిన్న ఎఫ్ అంకె దగ్గర, అంటే 50 ఎంఎంకి ఎఫ్/2 దగ్గర పెట్టి, చీకటి గదిలో ఫోన్ టార్చి లెన్సు వెనక నుంచి కాస్త పక్కవాటుగా వేసి, ముందు వైపు నుంచి చూడండి. దుమ్ము చుక్కలు కనిపిస్తే పట్టించుకోవద్దు, ప్రతి పాత లెన్సులోనూ ఉంటాయి. సాలీడు పోగుల్లా సన్నని గీతలు అంచుల నుంచి లోపలికి పాకి ఉంటే అది ఫంగస్. అంచుల్లో కొంచెమే ఉంటే ఫోటోలో తెలియదు. గాజంతా పాలు పూసినట్టు మసగ్గా ఉంటే మాత్రం ఎంత బాగా ఫోకస్ చేసినా బొమ్మ వెలిసిపోయినట్టే వస్తుంది. ఫంగస్‌ని తుడిపించొచ్చు గానీ, అది కోటింగ్‌ని (గాజు మీది పల్చటి పూతని) తినేసిన చోట మచ్చ అలాగే ఉండిపోతుంది.

తర్వాత అపర్చర్ బ్లేడ్లు, అంటే ఆ రంధ్రాన్ని మూసి తెరిచే రేకులు. 50 ఎంఎం లెన్సు వెనక చిన్న మీట ఉంటుంది. రింగు ఎఫ్/16 దగ్గర పెట్టి, మీటని వేలితో జరిపి వదలండి. బ్లేడ్లు టక్కున మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే వాటిమీదికి నూనె చేరినట్టు. అలాంటి లెన్సు మీరు ఎఫ్/8 పెట్టినా ఎఫ్/4 దగ్గరే ఆగిపోవచ్చు.

ఇక అడాప్టర్. లెన్సు కూర్చునే అంచు నుంచి ఫిల్ము లేదా సెన్సర్ దాకా ఉండే దూరం పెంటాక్స్ కే మౌంటుకీ (మౌంటు అంటే లెన్సు కెమెరాకి బిగుసుకునే చోటు; మీ 50 ఎంఎంది ఇదే), ఎం42కీ ఒకటే: 45.46 మి.మీ. సోనీ ‘E’ మౌంటుకి అది 18 మి.మీ. మిగిలిన 27.46 మి.మీ. ఖాళీని నింపే ఉత్త లోహపు గొట్టమే అడాప్టర్. లోపల గాజు ఉండకూడదు, గాజున్నది ఎవరైనా అంటగడితే తీసుకోకండి. మీ ఏ6400 లాంటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకి పాత లెన్సులు ఇంత సులువుగా కుదరడానికి కారణం ఈ ఖాళీయే. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లో ఈ దూరం 46.5 మి.మీ., ఎం42 కంటే ఎక్కువ. అందుకే అక్కడ గాజు లేకుండా దూరపు వస్తువు ఫోకస్‌లోకి రాదు.

రెండు దూరాలూ ఒకటే కదా, పీకే (పెంటాక్స్ కే) అడాప్టర్ కొని దానికి ఎం42 రింగు తగిలిస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోతుంది, ఆ రింగు మౌంటు లోపలికి పూర్తిగా దిగిపోయే రకమైతేనే. చవగ్గా దొరికే అంచున్న రింగులు దాదాపు 1 మి.మీ. మందం కలుపుతాయి, ఇన్ఫినిటీ (చాలా దూరపు వస్తువుల ఫోకస్) పోతుంది. విడివిడిగా రెండు కొనుక్కోవడమే నయం. ఎం42 అడాప్టర్ లోపల వెనక అంచు ఉన్నది అడగండి. ఆ అంచు లెన్సు వెనక ఉన్న పిన్నుని నొక్కిపెడితేనే బ్లేడ్లు మూసుకుంటాయి. లెన్సు మీద A/M మీట ఉంటే M దగ్గర పెడితే చాలు. ఈ రెండూ లేకపోతే లెన్సు ఎప్పుడూ ఎఫ్/2.8 దగ్గరే తెరుచుకుని ఉంటుంది, రింగు ఎంత తిప్పినా లాభం లేదు.

అడాప్టర్ రాగానే ఆర్కే బీచ్‌కి వెళ్లి, డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్‌నో, బయట లంగరేసిన ఓడనో చూస్తూ ఫోకస్ రింగుని ఇన్ఫినిటీ దాకా తిప్పండి. కెమెరాలో పెద్దది చేసి చూస్తే, రింగు ఆగే చోటుకి కొంచెం ముందే స్పష్టంగా రావాలి. చాలా అడాప్టర్లు కావాలనే వెంట్రుకవాసి తక్కువ మందంతో చేస్తారు కాబట్టి అలా రావడం మామూలే. రింగు ఆగిపోయాక కూడా మసగ్గానే ఉంటే అడాప్టర్ మందం ఎక్కువైంది, తిప్పి పంపేయండి. ఎం42 లెన్సు బిగించాక దూరాల గీతలు పైకి కాకుండా పక్కకి తిరిగి ఉంటే కంగారుపడొద్దు. చాలా అడాప్టర్లకి చుట్టూ మూడు చిన్న మరమేకులు ఉంటాయి, వాటిని వదులు చేసి లోపలి రింగుని తిప్పి మళ్లీ బిగించుకోవచ్చు.

ఏ6400లో ముందు ‘రిలీజ్ వితవుట్ లెన్స్’ ఎనేబుల్ చెయ్యాలి, లేకపోతే షట్టర్ పడదు. మోడ్ డయల్ ‘A’ అక్షరం మీద పెట్టండి. తెరమీద ఎఫ్ పక్కన గీతలే కనిపిస్తాయి, అయినా వెలుతురు కొలత సరిగ్గానే వస్తుంది. లెన్సు ఎంతో కెమెరాకి తెలియదు కాబట్టి ఆటో ఐఎస్ఓలో (వెలుతురుని బట్టి సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే మార్చుకునే సెట్టింగు) కనీస షట్టర్ వేగం మీరే పెట్టాలి: 50 ఎంఎంకి 1/125, 135 ఎంఎంకి 1/250. ఈ కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ (వణుకుని సరిచేసే ఏర్పాటు) లేదు, ఫిల్ము కంటే చిన్నదైన ఈ సెన్సర్ మీద 135 ఎంఎం సుమారు 200 ఎంఎం అంత బిగువుగా కనిపిస్తుంది. చెయ్యి వణుకు కూడా అంతే పెద్దదై కనబడుతుంది.

ఫోకస్ పీకింగ్ (స్పష్టంగా ఉన్న అంచుల్ని రంగుతో చూపేది) పెట్టుకోండి, రంగు ఎరుపు, లెవెల్ ‘Low’. హై పెడితే తెరంతా ఎర్రబడి ఏది స్పష్టమో తెలియదు. ఎఫ్/2 దగ్గర పీకింగ్‌ని పూర్తిగా నమ్మకండి. మీటరు దూరంలో 50 ఎంఎం ఎఫ్/2తో స్పష్టంగా వచ్చే మందం సుమారు 3 సెం.మీ. మాత్రమే. ఫిషింగ్ హార్బర్లో వల అల్లే మనిషిని తీస్తుంటే వేళ్లు స్పష్టం, మొహం మసక అయ్యేది అందుకే. ఫోకస్ మాగ్నిఫయర్‌ని సీ1 బటన్‌కి ఇచ్చి, దాని టైమ్‌ని నో లిమిట్ చేసుకోండి. 5.9, 11.7 రెట్లు పెద్దదవుతుంది. కదిలే మనుషులకి 5.9 చాలు, 11.7లో మనిషే ఫ్రేము దాటిపోతాడు. రింగు చివర్లో సవరించే బదులు, ఫోకస్ దగ్గరికి వచ్చాక శరీరాన్ని కాస్త ముందుకీ వెనక్కీ ఊపి నొక్కడం తేలిక.

పూర్ణా మార్కెట్ లాంటి రద్దీలో ఇదంతా కుదరదు. అక్కడ ఎఫ్/8, దూరం 5 మీటర్లు పెట్టేసుకుంటే సుమారు 3.8 నుంచి 7.3 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. లెన్సు మీద చెక్కిన డెప్త్ గీతలు (ఎక్కడి నుంచి ఎక్కడి దాకా స్పష్టంగా వస్తుందో చూపేవి) 35 ఎంఎం ఫిల్ముకి లెక్కకట్టినవి. మీ చిన్న సెన్సర్‌కి ఎఫ్/8 పెట్టినప్పుడు ఎఫ్/5.6 గీతలు చదువుకోండి.

మనది తూర్పు తీరం, బీచ్‌లో పొద్దున పూట సూర్యుడు సముద్రం వైపు నుంచే ఎదురొస్తాడు. 50 ఎంఎం లెన్సుకి 49 మి.మీ. లోహపు హుడ్ (పక్క వెలుతురుని అడ్డుకునే తొడుగు) ఒకటి మర తిప్పి పెట్టుకోండి, పాత కోటింగులకి అది చేసే మేలు ఎడిటింగ్‌లో రాదు. అలలు చిందే చోట యూవీ ఫిల్టర్ పనికొస్తుంది గానీ, రాత్రి వీధి దీపాల ముందు తీసేయండి, దెయ్యం చుక్కలు (ఫోటోలో దీపాల నకలుగా పడే వెలుగు మచ్చలు) దానివల్లే వస్తాయి. అడాప్టర్‌కి రబ్బరు సీలు ఉండదు, కాబట్టి ఉప్పు తుంపర పడే చోట లెన్సు మార్చొద్దు. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తీస్తే గాజు మీద నీరు పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచండి.

ఇంట్లో దాచడమే అసలు పని. తోలు కేసు పక్కన పడేయండి, తేమని పట్టి ఉంచేది అదే. మూత గట్టిగా పట్టే పది లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, 200 గ్రాముల సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు), చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ (తేమ కొలిచేది) చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటి రోజుల తరబడి ఉంటే ఫంగస్‌కి పండగే. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది, వంట ఓవెన్లో వేడి చెయ్యకూడదు. నారింజ రంగుది కొనండి, రంగు మారాక 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనిచేస్తుంది. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, ఆ పిండి ఫోకస్ రింగులోకి పోతుంది. బీరువాలో కలరా ఉండలు ఉంటే లెన్సుల్ని ఈరోజే బయటికి తీయండి, ఆ ఆవిరి గాజుకి మంచిది కాదు. ఫంగస్ ఉన్న లెన్సుని మంచివాటితో ఒకే డబ్బాలో పెట్టకండి.

నా మాట అడిగితే, మొదట పీకే అడాప్టర్ ఒక్కటే తెప్పించుకోండి. 50 ఎంఎం ఈ కెమెరా మీద సుమారు 75 ఎంఎంలా మనుషుల ఫోటోలకి చక్కగా కుదురుతుంది. దాంతో చెయ్యి కుదిరాక, టార్చి పరీక్షలో 135 శుభ్రంగా తేలితే అప్పుడు ఎం42 అడాప్టర్ కొనండి. లోపలి గాజుల దాకా ఫంగస్ పాకి ఉంటే మాత్రం దాని బాగుచేతకి పెట్టే డబ్బుతో అలాంటి 135 ఇంకొకటి వచ్చేస్తుంది.