‘రాసిచ్చినాడు’ అంటే ఏం రాసిచ్చినట్టు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా నాయన 1988లో సొంత సంపాదనతో నాలుగెకరాలు కొన్నాడు, ఊళ్లో మిద్దె కట్టినాడు. 2012లో నన్ను రిజిస్టరు ఆఫీసుకు తీసుకుపోయి మిద్దె, రెండెకరాలు నాకు రాసిచ్చినాడు. అమ్మ పోయినాక ఐదేళ్లు నాయనను నేనే చూసుకున్నా. తమ్ముడు ఒక్క మందుబిళ్ల తెచ్చివ్వలేదు. రెండేళ్ల కిందట నాయన పోయినాడు. పెద్దకర్మ రోజే తమ్ముడు తెల్లకాగితం మీద 2019లో రాసిన విల్లు బయటికి తీసి, ఆఖర్న రాసిందే చెల్లుతుంది, ఆస్తంతా నాదే అన్నాడు. పాసు పుస్తకం కూడా మార్పించుకున్నాడు. తెలిసినాయన ఒకరు పాత తేదీ స్టాంపు పేపరు తెప్పిస్తా, నాయన 2021లో నీకే విల్లు రాసినట్టు పుట్టిద్దాం అంటున్నాడు. ఇంత చాకిరీ చేసిన నాకు న్యాయం జరగదా?
– ఒక సోదరి, కడప జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో మూడున్నర పేజీలు మీరు చేసిన చాకిరీ, తమ్ముడు చేయని చాకిరీ. అది మీ ఊరి రచ్చబండ దగ్గర పనికొస్తుంది కానీ కోర్టులో కాదు. తండ్రిని ఎవరు చూసుకున్నారన్న దాన్నిబట్టి వాటా పెరగదు, తగ్గదు. మీ కేసంతా 2012 దస్తావేజులోని ఒకటి రెండు వాక్యాల మీద నిలబడి ఉంది. ఆ వాక్యాలున్న పేజీ మీరు నాకు పంపనేలేదు.

ఎప్పుడో ఫోన్లో తీసిన రెండు ఫోటోలు పంపారు. మొదటి పేజీలో తేదీ, పేర్లు ఉన్నాయి. ఆఖరి పేజీలో సర్వే నెంబరు, చెక్కుబందీ (హద్దుల వివరం), సాక్షుల సంతకాలు. మధ్య పేజీ లేదు. ఒరిజినల్ నాయన ట్రంకుపెట్టెలో ఉందట, ఆ పెట్టె తమ్ముడింట్లో ఉందట! పదేళ్లకు పైగా మీ పేరుతో ఉన్న కాగితానికి ఒక జిరాక్సు తీసి పెట్టుకోలేదు. పాసు పుస్తకంలో పేరు మార్పించుకోవడానికి ఒక్కసారి కూడా ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కలేదు. నాయన ఉన్నాడు కదా అన్నారు. సరే.

మన వైపు ‘రాసిచ్చినాడు’ అనే మాటలో అన్నీ ఇమిడిపోతాయి. విల్లు రాసినా రాసిచ్చినాడే, సెటిల్మెంట్ చేసినా రాసిచ్చినాడే. చట్టం దగ్గర మాత్రం రెండూ ఒకటి కాదు. సెటిల్మెంట్ అంటే హక్కు ఆ రోజే చేతులు మారిపోయింది. తర్వాత మనసు మారిందని నాయన తనంతట తాను రద్దు చేయలేడు. విల్లు అంటే రాసిన మనిషి కన్నుమూసే దాకా దానికి ప్రాణం ఉండదు. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, రిజిస్టరు చేయించినా సరే. మీ తమ్ముడు చెప్పిన ‘ఆఖర్నదే చెల్లుతుంది’ అన్న సూత్రం రెండు విల్లులు ఉన్నప్పటి మాట. ముందుది సెటిల్మెంట్ అయితే ఆ సూత్రానికి ఇక్కడ పని లేదు. 2012లో ఇచ్చేసిన మిద్దెను 2019లో మళ్లీ రాయడానికి నాయన దగ్గర ఏముంది?

మరి మీది ఏది? పైన ఏ పేరు రాశారన్నది ముఖ్యం కాదు, లోపలి మాటలు ముఖ్యం. ‘నా తదనంతరం నీకు చెందవలసినది, నా జీవితకాలంలో మార్చుకొనుటకు నాకు హక్కు కలదు’ అని ఉంటే అది విల్లు. ‘ఈ దినమే హక్కు నీకు సంక్రమింపజేయడమైనది’ అని ఉంటే సెటిల్మెంట్. ‘నేను బ్రతికి ఉన్నంతవరకు ఫలసాయం అనుభవించెదను’ అన్న ముక్క తర్వాత ఉన్నా కంగారు పడకండి. అనుభవం తన దగ్గర ఉంచుకుని హక్కు ఇచ్చేయవచ్చు.

మీ ఆఖరి పేజీ ఫోటోలో ఒక మూల ముద్ర ఉంది, మీరు గమనించి ఉండరు. డాక్యుమెంటు నెంబరు పక్కన ‘1వ పుస్తకము’ అని ఉంది. రిజిస్టరు ఆఫీసులో విల్లులు 3వ పుస్తకంలోకి వెళ్తాయి, సెటిల్మెంట్లు, అమ్మకాలు 1వ పుస్తకంలోకి. ఇది మీ వైపు మొగ్గే ఆనవాలు. కానీ ఆనవాలు మాత్రమే, నిర్ణయం మధ్య పేజీదే.

దానం, సెటిల్మెంట్ చెల్లాలంటే ఇచ్చినాయన బతికుండగానే మీరు పుచ్చుకున్నట్టు కూడా కనిపించాలి. మిద్దె ఇంటిపన్ను 2013 నుంచి మీ పేరుతో కడుతున్నానని ఉత్తరం చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, ఒక్క ముక్క రాశారు. నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క అదే. పంచాయతీ రసీదులన్నీ వెతికి పెట్టండి.

ఒకవేళ అది విల్లే అని తేలితే కథ వేరు. అప్పుడు ఆస్తంతా కావాలంటే తమ్ముడు 2019 విల్లును రుజువు చేయాలి (సెటిల్మెంటే అయినా మిగతా రెండెకరాల కోసం ఆ పని తప్పదు). తెల్లకాగితం అని తీసిపారేయకండి, విల్లుకు స్టాంపూ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. కానీ ఇద్దరు సాక్షులు ఉండాలి, బతికున్న వాళ్లలో కనీసం ఒకరు బోనెక్కి చెప్పాలి. 2012లో సంతకం చేసిన మనిషి 2019 విల్లు మీద వేలిముద్ర ఎందుకు వేశాడో కూడా తమ్ముడే చెప్పుకోవాలి. ఆ విల్లు నిలబడకపోతే మిగతా రెండెకరాలు మీ ఇద్దరికీ చెరిసగం.

ఇక ఆ తెలిసినాయన సంగతి. ఆయన ఫోన్ ఎత్తకండి. విల్లుకు స్టాంపు పేపరే అక్కర్లేనప్పుడు పాత స్టాంపు కోసం తిరగడమే దొంగతనాన్ని పట్టిస్తుంది. ఆ పేపరు ఏ రోజు ఎవరికి అమ్మారో స్టాంపులమ్మే వెండరు రిజిస్టరులో ఉంటుంది. దొంగ విల్లు పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు గానీ, యావజ్జీవం గానీ పడొచ్చు, జరిమానా కూడా. పైగా నిజమైన 2012 దస్తావేజును కూడా జడ్జి అనుమానంగా చూస్తాడు. గెలిచే కేసును చేతులారా జైలు కేసు చేసుకుంటారా?

పాసు పుస్తకం మారిందని టెన్షన్ పడొద్దు. దాంతో హక్కు పుట్టదు, పోదు. భయపడాల్సింది గడువుకి. స్వాధీనం కోసం పన్నెండేళ్లు ఉందిలే అని ఎవరైనా చెబుతారు. కానీ హక్కు ప్రకటన (ఆస్తి నాదేనని కోర్టు చేత చెప్పించుకోవడం) ఒక్కటే అడిగే దావాకు మూడేళ్లే. తమ్ముడు మీ హక్కు కాదన్నది పెద్దకర్మ రోజున. అక్కడి నుంచి లెక్కపెట్టి మూడేళ్లలోపే దావా వేయండి. రెండేళ్లు ఏడుపులోనే అయిపోయాయి. ఈలోగా తమ్ముడు అమ్మేస్తే కొన్నవాడితో ఇంకో తగాదా. దావా పడ్డాక కొన్నవాడు మాత్రం తీర్పుకు కట్టుబడాల్సిందే.

ముందు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 2012 డాక్యుమెంటు నెంబరు చెప్పి సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి, ట్రంకుపెట్టె కోసం తమ్ముడిని బతిమాలక్కర్లేదు. నాలుగెకరాలకూ మిద్దెకూ ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించండి. మీది సెటిల్మెంటే అయితే మిద్దెకు, రెండెకరాలకు హక్కు ప్రకటన, స్వాధీనం; మిగతా దానికి భాగపంపిణీ. వకీలు ఫీజుకు డబ్బు లేదన్నారు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, కోర్టు ఖర్చులూ చూసుకుంటుంది. ప్రొద్దుటూరు కోర్టు ఆవరణలో అడగండి.

2012 సాక్షుల్లో ఒకాయనకు ఎనభై దాటాయని రాశారు. ఈ వారమే వెళ్లి కలిసి రండి. ఆ రోజు ఏం జరిగిందో ఆయనకు ఎంత గుర్తుందో కనుక్కోండి, మీరు మాత్రం ఏమీ అందించకండి. మధ్య పేజీ చేతికొచ్చాక మూడు పేజీలూ కలిపి నాకు పంపండి.