అమెరికా వెళ్ళే ముందు కుక్కర్ కప్పు సంగతి

ఈసారి వైజాగ్ వచ్చి మూడు వారాలైంది. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద బళ్ళు ఆపేసే వేళకి నడకకి వెళ్తుంటే, ఎం.వి.పి. కాలనీలో మా పక్కింటి కుర్రాడూ నాతో వస్తున్నాడు. ఆగస్టులో డాలస్ ప్రయాణం. నాలుగో రోజు అడిగాడు: "బాబాయ్, అక్కడికి వెళ్ళిన మనవాళ్ళంతా ఏడాది తిరక్కుండా లావైపోతారట కదా. బర్గర్లు, పిజ్జాలు మానేస్తే సరిపోతుందా?" వాళ్ళ నాన్నకి 51వ ఏట స్టెంటు వేశారు. భయం అందుకే. అతనికి చెప్పిందే, బయల్దేరబోయే మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

నేను వెళ్ళింది 2008లో. బర్గర్లు తిన్నది బహు తక్కువ. అయినా రెండేళ్ళలో 67 కిలోల నుంచి 78కి చేరాను. రక్తంలో ఒక రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు, 150 లోపు ఉండాలి, నాకు 310. చేసిందంతా మన అన్నమే.

నలుగురు బ్రహ్మచారులం, ఒక రైస్ కుక్కర్. దాంతో చిన్న ప్లాస్టిక్ కప్పు ఒకటి ఇస్తారు, 180 మిల్లీలీటర్లది. నిండా పోస్తే బియ్యం సుమారు 150 గ్రాములు, అంటే దగ్గర దగ్గర 540 కేలరీలు. మేం మనిషికి రెండు కప్పులు పోసేవాళ్ళం. ఒక్క పూట అన్నమే వెయ్యి దాటేది. కూర, నూనె, పెరుగు లెక్క వేరే. వైజాగ్‌లోనూ అంతే తినేవాణ్ణేమో, కానీ ఇక్కడ బస్సు కోసం నడిచేవాణ్ణి, మూడో అంతస్తు ఎక్కేవాణ్ణి, సాయంత్రం ముంతమసాలా కోసమైనా ఆర్కే బీచ్ దాకా పోయేవాణ్ణి. అక్కడ కొత్తిమీర కట్టకీ కారే.

అందుకని అన్నం మానమని చెప్పను, కొలత మార్చమంటాను. మనిషికి పూటకి అర కప్పు బియ్యం. కంచంలో సగం కూర, పావు వంతు పప్పో చేపో గుడ్డో, మిగిలిన పావులో అన్నం. మొదటి వారం "ఇదేంటి, అన్నప్రాశనా?" అని మా రూమ్మేట్లు నవ్వారు. బెండకాయ, చిక్కుడు, పాలకూర అక్కడ ఫ్రీజర్ సంచుల్లో దొరుకుతాయి, నిస్సందేహంగా వాడుకోండి. చోడి, అంటే రాగి అంబలి మంచిదే, పీచు ఉంది. అయితే చోళ్ళు కదా అని పెద్ద గ్లాసుతో రెండు తాగితే అదీ పిండిపదార్థమే.

నూనె సంగతి ఇంకో తమాషా. ఇక్కడ లీటరు ప్యాకెట్ కొని పొదుపుగా వాడతాం. అక్కడ దాదాపు నాలుగు లీటర్ల డబ్బా ఎత్తి బాణలిలోకి వంచుతాం. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు. వంచకండి, చెంచాతో కొలవండి.

ఏ తిండి ఏ అంకెని కదిలిస్తుందో తెలిస్తే రిపోర్టు చూసి కంగారుపడరు. తెల్లన్నం, మైదా, చక్కెర, మద్యం ఎక్కువైతే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె, మీగడ, మాంసం కొవ్వు చెడు కొలెస్ట్రాల్‌ని, అంటే ఎల్‌డీఎల్‌ని పెంచుతాయి. ఇది తెలియకే మా స్నేహితుడొకడు కీటో పట్టి, అన్నం మానేసి నెయ్యిలో ఈదాడు. ఆరు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు, ఎల్‌డీఎల్ మాత్రం 190 దాటింది. డాక్టరు కేకలేశాక పప్పు, బాదం, వేరుశనగల దారికొచ్చాడు.

బరువు పట్టిక విషయంలో నేనూ మోసపోయాను. నా ఎత్తు 170 సెంటీమీటర్లు. అమెరికా పట్టిక ప్రకారం 72 కిలోల వరకూ మామూలే, ఊబకాయం 87 దగ్గర మొదలవుతుంది. కానీ ఆసియా వాళ్ళకి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క, 23 నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే చెప్పారు. ఆ లెక్కన నాకు 66న్నర కిలోలే గీత. పొట్ట చుట్టుకొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ప్రాంతాల్లోని దక్షిణాసియా వాళ్ళ మీద 2010 నుంచి ఒక అధ్యయనం నడుస్తోంది. దాని పేరు కూడా మసాలాయే! మనకి కండ తక్కువ, కాలేయంలో, పొట్ట లోపలా కొవ్వు ఎక్కువ అని తేల్చింది. అద్దంలో సన్నగా కనిపించినంత మాత్రాన నమ్మొద్దని దాని అర్థం.

చేపల ఊరి నుంచి వెళ్తున్నారు కాబట్టి వారానికి రెండుసార్లు చేప వదలకండి. వంజరం కోసం వెతికితే కింగ్‌ఫిష్ పేరుతో దొరుకుతుంది. పాదరసం ఎక్కువని గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు దాని చుట్టమైన కింగ్ మాకెరెల్ తినకూడదని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. సాల్మన్, టిన్నుల్లో వచ్చే సార్డైన్లు, అంటే మన కవళ్ళు, భేషుగ్గా ఉంటాయి. వేపుడు కాకుండా పులుసు పెట్టండి.

బీపీ తగ్గించడానికి అక్కడి డాక్టర్లు డాష్ అనే ఆహార పద్ధతి చెబుతారు. 1997లో ప్రయోగం చేసి నిరూపించారు. కూరలు, పళ్ళు, పప్పులు, వెన్న తీసిన పాలు, గింజలు. వింటే మన పప్పు, ఆకుకూర, మజ్జిగే గుర్తొస్తాయి. పేచీ అంతా ఉప్పు దగ్గరే. రోజుకి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఒకే కంచంలో కలిస్తే ఆ చెంచా అక్కడే సగం ఖాళీ. తక్కువ సోడియం ఉప్పు కొందామనుకుంటే డాక్టర్ని అడిగి కొనండి. అందులో పొటాషియం ఉంటుంది, కొన్ని బీపీ మాత్రలతో అది పడదు. అలాగే కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని రకాల స్టాటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు గ్రేప్‌ఫ్రూట్ రసం ముట్టకూడదు. అది ద్రాక్షరసం కాదు, మన పంపరపనసకి చుట్టం.

ఆ కుర్రాడికి ఇంకొకటి చెప్పాను. తండ్రికి 55 ఏళ్ళలోపు, తల్లికి 65లోపు గుండె జబ్బు వస్తే అది మన రిపోర్టులో ఉండాల్సిన సంగతి. వాళ్ళ నాన్న ఫైలు కాపీ పట్టుకెళ్ళమన్నాను. మొదటి చెకప్‌లోనే చూపించి, రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఒక రకం కణం, లైపోప్రోటీన్ ఎ, ఎంతుందో చూసే పరీక్ష అడగమన్నాను. అది వంశంలో వచ్చేది, తిండితో తగ్గదు. జీవితంలో ఒకసారి చూసుకుంటే చాలు.

చోడిపిండి, ఉలవలు అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి, సూట్‌కేసులో చోటు వాటికి పెట్టొద్దన్నాను. "మరి మాడుగుల హల్వా, బాబాయ్?" అన్నాడు. తెచ్చుకోమన్నాను, ఆఫీసులో డబ్బా మూత తీసి పెట్టి తన సీటుకి దూరంగా జరపమన్నాను.