సైటు సర్టిఫికెట్ బాగానే ఉన్నా ప్రోగ్రాము "గడువు తీరింది" అంటుంటే: వెరిఫికేషన్ ఆపేయకండి

మీరు రాసింది ఇదీ: పాలకొల్లు దగ్గర రైసు మిల్లు, కాటా గదిలో ఉబుంటు 16.04 ఉన్న పాత కంప్యూటరు. కాటా చీటీలు సర్వరుకి పంపే పైథాన్ ప్రోగ్రాము సర్టిఫికెట్ గడువు తీరిందని ఆగిపోతోంది. అదే మెషీన్‌లో ఫైర్‌ఫాక్స్‌లో ఆ సైటు తెరుచుకుంటోంది, సైటు సర్టిఫికెట్‌కి ఇంకా గడువు ఉంది. తెలిసినాయన వెరిఫికేషన్ ఆపేయమన్నారు, ఆపేయనా అని అడిగారు.

వద్దండి. ఆపితే చీటీలు వెళ్తాయి, నిజమే. కానీ అవతల ఉన్నది మీ సర్వరేనా అని అడగటం కూడా ఆ రోజు నుంచి ఆగిపోతుంది. మీ పాస్‌వర్డు, రైతుల పేర్లు, తూకాలు మధ్యలో ఎవరు అందుకున్నా మీకు ఒక్క హెచ్చరిక కూడా రాదు. పైగా "ఈ ఒక్క రోజుకే" అని ఆపినదాన్ని మళ్లీ ఆన్ చేసిన ఆఫీసు నాకింతవరకు కనబడలేదు.

నేను భీమవరం చుట్టుపక్కల రొయ్యల కొనుగోలు ఆఫీసులకీ, మిల్లులకీ కంప్యూటర్లు చూస్తుంటాను. 2021 సెప్టెంబరు 30న ఒక కొనుగోలు ఆఫీసులో సరిగ్గా మీ కథే జరిగింది. సాయంత్రం దాకా పట్టుబడి లెక్కలు, కౌంటు, రేటు అన్నీ సర్వరుకి చేరాయి. ఏడున్నర దాటాక ఒక్కటీ వెళ్లలేదు. ఆ రోజు మన టైము 7:31కి డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 అనే రూట్ సర్టిఫికెట్ గడువు తీరింది. రూట్ అంటే మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి మెషీన్‌లో ముందే పెట్టి ఉంచే మూల సర్టిఫికెట్. సైట్లకి ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లు అప్పటిదాకా చాలా మెషీన్లలో దాని మీద ఆధారపడేవి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత రూట్ ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1కి (ఇకపై ఎక్స్1) 2035 దాకా గడువుంది, అది ఆ ఆఫీసు మెషీన్‌లో అప్పటికే ఉంది కూడా. అయినా పని ఆగింది.

కారణం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, అంటే ప్రోగ్రాముల తరఫున సర్టిఫికెట్లు సరిచూసే సాఫ్ట్‌వేరు. దాని పాత వెర్షను 1.0.2, సైటు సర్టిఫికెట్ నుంచి రూట్ దాకా దారి వెతికే తీరు. సర్వరు తన సర్టిఫికెట్‌తో పాటు పైవాళ్ల సర్టిఫికెట్లు కొన్ని పంపుతుంది. ఆ గొలుసులో ఎక్స్1 కూడా ఉండేది, కానీ డీఎస్‌టీ సంతకం చేసిన కాపీగా. పాత వెర్షను సర్వరు ఇచ్చిన గొలుసునే పట్టుకుని పైకి వెళ్తుంది, చివర డీఎస్‌టీ దగ్గర గడువు తీరిందని ఆగుతుంది. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటి ఆగిపోతే మనం చించినాడ వంతెన మీదుగా రాజోలు వైపు వెళ్లిపోతాం. పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మాత్రం రేవులోనే నిలబడిపోతుంది. 1.1.0 నుంచి మెషీన్ నమ్మే రూట్లను ముందు చూడటం అలవాటుగా మారింది కాబట్టి ఈ చిక్కు లేదు. ఫైర్‌ఫాక్స్‌కి సొంత రూట్ల జాబితా, సొంతంగా దారి వెతికే పద్ధతి ఉన్నాయి. మీకు బ్రౌజర్లో తెరుచుకోవడానికి కారణం అదే. "బ్రౌజర్లో వస్తోంది కదా" అన్నది ఇక్కడ సాక్ష్యం కాదు.

ఇది ఒక్క డీఎస్‌టీ సంగతే కాదు. 2020 మే 30న యాడ్‌ట్రస్ట్ ఎక్స్‌టర్నల్ సీఏ రూట్ గడువు తీరినప్పుడూ పాత మెషీన్లు ఇలాగే ఆగాయి.

మీరు ముందు చూడాల్సింది కంప్యూటరు తేదీ. కరెంటు పోయొచ్చే చోట్ల మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటుంది. కాకపోతే అప్పుడు వచ్చే ఎర్రరు వేరు: సర్టిఫికెట్ ఇంకా మొదలవలేదంటుంది, దాని నంబరు 9. గడువు తీరితే 10. రూట్ అసలు లేకపోతే 20.

తేదీ సరిగ్గా ఉంటే టెర్మినల్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్-క్లయింట్ (openssl s_client) అనే కమాండుతో ఆ సర్వరుకి కనెక్ట్ అవండి, సర్టిఫికెట్లన్నీ చూపించే ఆప్షను, సర్వరు పేరు ఇచ్చే ఆప్షను రెండూ పెట్టి. ఎర్రరు పక్కన డెప్త్ అని ఒక అంకె వస్తుంది. నిదానంగా చదవాల్సింది దాన్ని. సున్నా అంటే గడువు తీరింది సైటు సర్టిఫికెట్‌కే, అది సర్వరు వాళ్ల పని. రెండో మూడో అయితే తీరింది పైదానికి. ఆ లైన్లోనే దాని పేరు కూడా ఉంటుంది.

పేరు డీఎస్‌టీ అయితే మందు వింతగా ఉంటుంది: గడువు తీరిన రూట్‌ను తీసేయాలి. అది కనబడనప్పుడే 1.0.2 వేరే దారి వెతుకుతుంది, ఎక్స్1 దొరుకుతుంది. ఈటీసీ ఫోల్డర్లో సీఏ-సర్టిఫికెట్స్ కాన్ఫ్ ఫైలు తెరిచి, డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 ఉన్న లైను మొదట్లో ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టండి. తర్వాత అప్‌డేట్-సీఏ-సర్టిఫికెట్స్ అనే కమాండును అడ్మిన్ అధికారంతో (రూట్ యూజరుగా) నడపండి. దానికి ముందు ఎక్స్1 జాబితాలో ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. లేకపోతే అప్‌డేట్లు సరిగ్గా వచ్చే మరో కంప్యూటర్లోంచి పెన్‌డ్రైవులో తెచ్చి, రెండు చోట్లా ఫింగర్‌ప్రింట్ (సర్టిఫికెట్‌ను గుర్తుపట్టే పొడుగాటి కోడు) పోల్చి పెట్టండి. ఎవరో వాట్సాప్‌లో పంపిన రూట్ ఫైలు మాత్రం వేయకండి. రూట్ వేయడమంటే అది సంతకం చేసిన ప్రతిదాన్నీ నమ్ముతానని రాసివ్వడం.

ఇది చేశాక కూడా రాకపోతే పైథాన్ తన సొంత రూట్ల మూట వాడుతోందేమో చూడండి. సర్టిఫై (certifi) అనే పైథాన్ ప్యాకేజీ ఉంటే కొన్ని ప్రోగ్రాములు సిస్టమ్ జాబితా జోలికే వెళ్లవు. జావా ప్రోగ్రాముల రూట్ల జాబితా కూడా వేరే, సీఏసర్ట్స్ అని. దేన్ని మార్చినా ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, నడుస్తున్నది పాత జాబితానే పట్టుకుని ఉంటుంది.

కొందరు తేదీని వెనక్కి తిప్పమంటారు. కాటా చీటీ మీద తప్పు తేదీ పడితే రైతుకీ మిల్లుకీ మధ్య తగువు, పైగా కొత్త సర్టిఫికెట్లన్నీ ఎర్రర్ 9 ఇస్తాయి.

సర్వరు చూసేవాళ్లకీ ఒక మాట చెప్పండి. డీఎస్‌టీ సంతకం చేసిన ఎక్స్1 కాపీకి కూడా 2024 సెప్టెంబరు 30తో గడువు అయిపోయింది. ఎప్పుడో చేత్తో పెట్టిన పాత గొలుసునే వాళ్లింకా పంపుతుంటే, దాన్ని తీసి ఆ కాపీ లేని పొట్టి గొలుసు పెడితే మీలాంటి పాత మెషీన్లు చాలావరకు ఒకేసారి దారిలో పడతాయి. ఉబుంటు 16.04కి మామూలు సపోర్టు 2021 ఏప్రిల్‌లోనే ముగిసింది కాబట్టి, దాళ్వా కోతల హడావుడి మొదలయ్యేలోపు ఆ కంప్యూటరు మార్చే ఏర్పాటు కూడా చూడండి.

ఎస్-క్లయింట్ నడిపాక డెప్త్ ఉన్న లైను, ఎర్రర్ నంబరు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షను ఇక్కడ రాయండి. సర్వరు పేరు, పాస్‌వర్డు తీసేసి రాయండి.