‘బందరు రేవు’ అనడం తప్పా?

సందేహం: ఫార్సీలో బందరు అంటేనే రేవని ఒక మిత్రుడు చెప్పాడు. అలాగైతే ‘బందరు రేవు’, ‘బందరు పోర్టు’ పునరుక్తి దోషం కాదా? ‘మచిలీపట్నం రేవు’ అనాలా?

సమాధానం: మీ మిత్రుడు చెప్పిన అర్థం సరైనదే. ‘బందరు రేవు’ మాత్రం తప్పు కాదు. తెలుగువాళ్ల నోట ఆ మాట అర్థం వదులుకొని ఏనాడో ఊరిపేరైపోయింది. బందరు లడ్డు అన్నప్పుడు రేవు ఎవరి తలపుకూ రాదు.

తీరం పొడుగునా రేవులున్నా ఆ మాట ఈ ఒక్క ఊరికే ఎందుకు నిలిచింది? గోల్కొండ కుతుబ్‌షాహీలకు సముద్రం వైపు తలవాకిలి ఇదే. 16వ శతాబ్దం ద్వితీయార్ధం నుంచి ఇక్కడి ఓడలు బర్మాలోని పెగూకూ, సుమత్రాలోని ఆచేకూ, ఎర్రసముద్రానికీ వెళ్లేవి. ప్రధానమైన సరుకు మన నేత, అద్దకం బట్టలు. 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ కోఠీలు (వర్తక స్థావరాలు) పెట్టారు. ఊళ్లో ఇరానీ వర్తకుల పలుకుబడి ఎక్కువ, గోల్కొండ కొలువులోనూ ఫార్సీదే పెద్దపీట. 1622లో పోర్చుగీసువారి చేతినుంచి హొర్ముజ్ దీవి ఇరాన్ వశమయ్యాక ఇరాన్ తీరాన షా అబ్బాస్ పేర బందర్ అబ్బాస్ పెరిగింది. 1630లలో మన బందరు నుంచి అక్కడికి ఓడలు నడిచాయి. బయలుదేరిన చోటూ బందరే, చేరిన చోటూ బందరే! ఎప్పుడు తలచుకున్నా నాకు ముచ్చటేస్తుంది.

రేవంటే ఇదే అనేంతగా ఒక రేవు పెరిగితే జాతివాచకం సంజ్ఞావాచకమవుతుంది. తెలంగాణ పల్లెల్లో ‘పట్నం పోతున్న’ అంటే హైదరాబాదుకే కదా! నెల్లూరు వైపు పెద్దలకు పట్నమంటే మద్రాసు.

పోనీ, మచిలీపట్నం అన్నా మీ శంక తీరదు. కళింగపట్నం, విశాఖపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం అన్నీ రేవులే. ఆ పేర్లలో ‘పట్నం’ రేవుపట్టణమే.

అర్థం మారిన మాట అదే ఊళ్లో ఇంకొకటుంది. ఈనాడు హవల్దారంటే చిన్న ఉద్యోగి. 1630లలో బందరు హవల్దారంటే ఊరిమీద అధికారమంతా ఉన్న దొర. తరవాత గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాగా పేరుమోసిన మహమ్మద్ సయీద్ ఆ పదవి చేసినవాడే. పాత కాగితాలు చదివేటప్పుడు ఇది మరవకూడదు.

కాబట్టి ‘బందరు రేవు’ అని నిశ్చింతగా రాయండి. ‘బందరు ఓడరేవు’ అంటే నాకు ఇంకా ఇష్టం. పాత రాతల్లోని ‘మచిలీబందరు’ దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. అక్కడ ‘పట్నం’ ఉండవలసిన చోట ‘బందరు’ నిలిచి, దాని అసలు అర్థం ఇంకా వినిపిస్తుంది. దాని పక్కన నేనైతే ‘రేవు’ చేర్చను.