కిరాయి రూములు కట్టమంటారా?

ప్రశ్న: మాది దివిటిపల్లి పక్క ఊరు. బ్యాటరీల ఫ్యాక్టరీ వచ్చాక జాగల రేట్లు పెరిగాయి. నాకు రోడ్డు మీద 300 గజాలుంది. చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో పనిచేసే మా బామ్మర్ది, 'బావా, ఇక్కడ ఓనర్లంతా రూముల కిరాయి మీదే బతుకుతున్నారు, అప్పు చేసైనా పది రూములు వెయ్యి' అంటున్నాడు. వెయ్యమంటారా?
– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: మీ బామ్మర్ది చెప్పింది నిజమే. అక్కడ హ్యుందాయ్ వాళ్లు 1996లో పునాది వేసి 1998లో శాంత్రో కారు బయటికి తెచ్చారు, దాని వెంటే సీట్లు, బంపర్లు, వైరింగ్ చేసే కంపెనీలు వచ్చి చుట్టూ దిగాయి, ఎందుకంటే లైను మీద కారు కదులుతుంటే సీట్లు నెలకోసారి లోడు దింపితే కుదరదు, గంటల లెక్కన అందాలి. కిరాయికి దిగేది ఎక్కువగా ఆ చిన్న కంపెనీల్లోని కాంట్రాక్టు పిల్లలే. ఓ దోస్తు కోసం వెళ్లి రెండు రోజులున్నాను. ఒక్క రూము, గడప ముందు పదకొండు జతల చెప్పులు! పొద్దున ఐదున్నరకు కంపెనీ బస్సు ఎక్కడానికి ఒకడు లేస్తే, నైట్ షిఫ్ట్ దిగి వచ్చినవాడు అదే చాప మీద పడుకుంటాడు. ఓనరు తలకింత అని వసూలు చేస్తాడు. నీళ్లు మాత్రం ట్యాంకరే.

అయితే అదే చెన్నై పక్కన ఫోర్డ్ వాళ్ల కార్ల ఫ్యాక్టరీ నడిచిన మరైమలై నగర్ కూడా ఉంది. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ ఇండియాలో కార్ల తయారీ మానేస్తున్నామంది, మరుసటి ఏడాది అక్కడ చివరి కారు తయారైంది. పనివాళ్లు పరిహారం కోసం కొట్లాడారు. రూములు కట్టినవాడు ఎవరితో కొట్లాడాలి? ఇంగ్లండ్‌లో లాంగ్‌బ్రిడ్జ్ అయితే 1905 నుంచి కార్ల మీదే బతికిన ఊరు, 2005లో ఎంజీ రోవర్ మూతపడితే దాదాపు 6,000 మంది రోడ్డున పడ్డారు.

పైగా మీ దగ్గరికి వచ్చింది కార్ల ఫ్యాక్టరీ కాదు. అమర రాజా వాళ్లు 2023 మేలో పునాది వేసినప్పుడే 9,500 కోట్లు పదేళ్లలో పెడతామన్నారు, అంటే జనం కూడా విడతల వారీగానే వస్తారు, కారుకున్నన్ని విడిభాగాలు బ్యాటరీకి ఉండవు కాబట్టి చుట్టూ అంత గుంపూ చేరదు. పది రూములు వద్దు. చేతిలో ఉన్న పైసలతో నాలుగు వెయ్యండి, పైన ఇంకో అంతస్తు పడేట్టు పిల్లర్లు గట్టిగా లేపండి, పొలం మాత్రం తాకట్టు పెట్టొద్దు. ముందు ఒకసారి పోలేపల్లి వైపు వెళ్లి మందుల కంపెనీల పిల్లలు రూముకు ఎంత కడుతున్నారో అడిగి రండి. ఆ తర్వాత బోరు వేయించి, ఎన్ని ఇంచుల నీళ్లు పడ్డాయో చూసుకుని అప్పుడు మేస్త్రీని పిలవండి.